క్లబ్బులో చెప్పలేని మాట: ఆర్వెల్ ‘బర్మీస్ డేస్’ మీద ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నవల సంగతికి వచ్చే ముందు ఒక గుమ్మం గురించి చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళది కాకినాడ దగ్గర ఒక పల్లెటూరు. పాత పెంకుటిల్లు, గోడలకి ఏటా సున్నం కొట్టినా పెచ్చులు ఊడుతూనే ఉండేవి, వీధి గుమ్మం మాత్రం చెక్కుచెదరలేదు. ఎండాకాలం అరుగు కాలిపోతున్నా ఆ గడప చల్లగా ఉండేది, పిల్లలం దానికి చెంప ఆనించి పడుకునేవాళ్ళం. చుట్టాలెవరొచ్చినా అమ్మమ్మ ఆ గుమ్మం మీద చెయ్యి వేసి “బర్మా టేకు నాయనా, మా నాన్న రంగం వెళ్ళొచ్చి చేయించాడు” అనేది. రంగం అంటే రంగూన్, గోదావరి జిల్లాల నుంచి శ్రీకాకుళం దాకా మనవాళ్ళు అలాగే పిలిచేవారు. ఆయన అక్కడ ఏం పని చేశాడమ్మా అంటే మటుకు ఆవిడ దగ్గర జవాబు లేదు. బియ్యం మిల్లులో అని ఒకసారి, ఓడల రేవులో అని ఒకసారి చెప్పేది. ఆయన ఆ రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదట.

నేను ‘బర్మీస్ డేస్’ మొదటిసారి చదివినప్పుడు అందులో నాయకుడు టేకు కంపెనీ మనిషి అని తెలిసి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. అప్పటిదాకా ఆర్వెల్ అంటే నాకు ‘యానిమల్ ఫార్మ్’, ‘1984’ అంతే. మీలో చాలామందికీ అంతే అయివుంటుంది.

ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903లో బీహార్‌లోని మోతీహారిలో పుట్టాడు, వాళ్ళ నాన్న ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. పందొమ్మిదేళ్ళకే పోలీసు ఉద్యోగంలో చేరి 1922 నుంచి 1927 దాకా బర్మాలో పనిచేశాడు. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, 1937లో గాని విడదీయలేదు. ఆఖరి పోస్టింగు ఐరావతి నది ఒడ్డున కాథా అనే చిన్న ఊరు. సెలవు మీద ఇంగ్లండ్ వెళ్ళి అక్కణ్ణుంచే ఉద్యోగం వదిలేశాడు. ఆ కాథాయే నవలలో క్యౌక్తడ అయింది.

పుస్తకం అచ్చు కావడమే ఒక కథ. ఇంగ్లండులో ఆయన ప్రచురణకర్త గోలాంజ్, ఇందులో మనుషులు నిజం మనుషుల్లా ఉన్నారు, పరువునష్టం కేసులు పడతాయి అని భయపడి వెనక్కి తగ్గాడు. అందుకని ముందు 1934లో అమెరికాలో వచ్చింది. మరుసటి ఏడు ఇంగ్లండులో వచ్చేటప్పుడు పాత్రల పేర్లు కొన్ని మార్చారు, డాక్టర్ వీరాస్వామి కాస్తా ముర్ఖాస్వామి అయిపోయాడు. నవలలో ఉన్నది నిజం కాదని ఎవరూ అనలేదు చూడండి, నిజానికి మరీ దగ్గరగా ఉందనే భయం. ఆ భయమే నవల అసలు విషయం కూడా అని నా అభిప్రాయం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదొక్కటే. వలసపాలన భూమిని, టేకుని, బియ్యాన్ని పట్టుకుపోయిందని మనం బళ్ళో చదువుకున్నాం. ఈ నవల చూపించేది ఇంకోటి. ఆ పాలనలో బతికినవాళ్ళెవరూ, దొరలతో సహా, మనసులో ఉన్న మాట పైకి అనలేని స్థితికి ఎలా వచ్చారో చూపిస్తుంది.

ఊరి జనాభా సుమారు 4,000. అందులో తెల్లవాళ్ళు ఏడుగురు. వాళ్ళకొక క్లబ్బు, పాతబడ్డ చెక్క భవనం, ఒక అంతస్తు. సాయంత్రం అయ్యేసరికి అందరూ అక్కడ చేరి తాగుతారు, అవే మాటలు మళ్ళీ మళ్ళీ మాట్లాడతారు. బయటి నుంచి చూస్తే అందులో ఏమీ లేదు. కానీ ఊళ్ళో అధికారం అంతా అక్కడే ఉందని ప్రతి నేటివ్ ఆఫీసరుకీ తెలుసు. బర్మాలో మిగతా క్లబ్బులు చాలావరకు ఒకరిద్దరు స్థానికుల్ని చేర్చుకున్నాయి, ఈ క్లబ్బు ఇంకా చేర్చుకోలేదు, ఇప్పుడు ఒక్కరినైనా చేర్చుకోవలసి వచ్చేలా ఉంది. కథంతా ఆ ఒక్క సభ్యత్వం చుట్టూ తిరుగుతుంది.

మొదట్లోనే ఒక చిన్న సన్నివేశం ఉంది, దాని దగ్గర కాస్త ఆగుదాం. క్లబ్బు బట్లర్ ద్రావిడుడు, అంటే మన మద్రాసు వైపు మనిషి. ఎల్లిస్ అనే టింబర్ కంపెనీ మేనేజరు ఐస్ ఎంత మిగిలిందని అడుగుతాడు. ఇరవై పౌన్లుంటుందండి, ఇవాళ్టికే సరిపోతుంది, ఐస్ కరగకుండా ఉంచడం ఇప్పుడు చాలా కష్టంగా ఉందండి అని బట్లర్ చక్కటి ఇంగ్లీషులో చెబుతాడు. అంతే, ఎల్లిస్ మీద పడిపోతాడు. డిక్షనరీ మింగావా, అలా మాట్లాడకు, నువ్వు మాట్లాడాల్సింది ఇలా అని వచ్చీరాని ఇంగ్లీషు తనే నేర్పిస్తాడు. వీడికి ఇంగ్లీషు మరీ బాగా వచ్చేస్తే ఉద్యోగంలోంచి తీసేయాలి, ఇంగ్లీషు మాట్లాడే నౌకర్లంటే నాకు పడదు అని పక్కవాళ్ళతో అంటాడు.

ఇందులో రక్తం లేదు, తుపాకీ లేదు. అయినా నాకు మొత్తం నవలలో అన్నిటికంటే భయం వేసే చోటు ఇదే. మనకి ఇంగ్లీషు నేర్పి నాగరికుల్ని చేస్తున్నాం అని పైకి చెప్పుకున్న పాలన ఇది. తీరా ఒక మనిషి ఆ ఇంగ్లీషుని సరిగ్గా పలికితే అదే నేరం అయింది, ఎందుకంటే సరిగ్గా పలికినవాడు సాటి మనిషిలా వినిపిస్తాడు. అదే గదిలో ఇంకాసేపటికి అమృత్‌సర్ ప్రస్తావన వస్తుంది, పాపం డయ్యర్‌కి అన్యాయం జరిగిందని నిట్టూరుస్తారు. జలియన్‌వాలాబాగ్ అయి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. ఐస్ గురించి కసురుకున్న గొంతే డయ్యర్ మీద జాలి కూడా పడుతుంది. ఈ రెండూ ఒకే గదిలో పెట్టడం దగ్గరే ఆర్వెల్ రచయితగా గెలిచాడు.

ఇక మన నాయకుడు ఫ్లోరీ. ముప్ఫై అయిదేళ్ళు. ఎడమ చెంప మీద కంటి దగ్గర్నుంచి నోటి దాకా ముదురు నీలం రంగు పుట్టుమచ్చ, ఎప్పుడూ ఎదుటివాళ్ళకి అటు చెంప కనబడకుండా తిరిగి నిలబడతాడు. నెలలో చాలా రోజులు అడవి క్యాంపులో టేకు నరికించడం, ఊళ్ళో ఉన్న నాలుగు రోజులూ తాగుడు. అతనికి బర్మా మీద, అక్కడి మనుషుల మీద నిజమైన ఇష్టం ఉంది. క్లబ్బు మీద అసహ్యం ఉంది. ఆ అసహ్యాన్ని చెప్పుకోడానికి అతనికి ఊరంతటికీ ఒకే ఒక్క చోటు, డాక్టర్ వీరాస్వామి వరండా.

వీరాస్వామి సివిల్ సర్జన్, జైలు సూపరింటెండెంట్ కూడా. ఆ పేరు వినగానే మనకి ఎవరో మేనమామ గుర్తొస్తాడు, అంత దగ్గరి పేరు. ఆ వరండాలో బీరు తాగుతూ ఇద్దరూ వాదించుకుంటారు, ఆ వాదన తలకిందులుగా ఉంటుంది. మేం మిమ్మల్ని ఉద్ధరించడానికి రాలేదు డాక్టర్, దోచుకోడానికి వచ్చాం, దోచుకుంటున్నాం అని ఒప్పుకోకపోవడమే మమ్మల్ని లోపల కుళ్ళబెడుతోంది అని దొర అంటాడు. అయ్యో అలా అనకండి, మీరు లేకపోతే మాకు రైళ్ళెక్కడివి, ఆస్పత్రులెక్కడివి, చట్టం ఎక్కడిది అని మనవాడు బతిమాలతాడు. తన జాతి తక్కువది అని ఒక చదువుకున్న మనిషి, ఎంతో మంచి మనిషి, ప్రేమగా, పట్టుదలగా నిరూపించే ప్రయత్నం చేస్తుంటే చదవడం చాలా కష్టం. నేను ఆ పేజీలు ప్రతిసారీ గబగబా తిప్పేయాలనుకుంటాను, తిప్పలేను. ఎందుకంటే ఆ వాదన నేను విన్నదే, మా ఇళ్ళలో, పెద్దవాళ్ళ నోట, “ఇంగ్లీషువాడి కాలంలో అయితేనా” అని మొదలయ్యే మాటల్లో.

ఆ డాక్టరుకి ఒక ఆపద వచ్చింది. యూ పో క్యిన్ అనే బర్మా మెజిస్ట్రేటు, క్లబ్బులో ఆ ఒక్క చోటు తనకే దక్కాలని, అతని మీద ఆకాశరామన్న ఉత్తరాలు రాయిస్తున్నాడు. క్లబ్బులో సభ్యుడైతే చాలు, ఇక ఏ చాడీ తనని తాకదని డాక్టరుకి తెలుసు. ఫ్లోరీని అడగాలి, అడగలేడు, చివరికి నసుగుతూ అడుగుతాడు. అడుగుతూ ఒక మాట అంటాడు. మీరు నన్ను ఎన్నుకున్నా నేను క్లబ్బుకి రానండి, అంత సాహసం చెయ్యను, చందా కట్టుకుంటాను, అంతే. తలుపు తెరిచినా లోపలికి రానని ముందే హామీ ఇస్తున్నాడు. ఈ ఒక్క వాక్యంలో ఒక తరం మొత్తం ఉంది.

అలా అడిగించుకున్న స్నేహితుడు ఏం చేశాడు? క్లబ్బులోకి నేటివ్‌ని రానివ్వం అని ఎల్లిస్ కాగితం రాసి ముందు పెడితే సంతకం పెట్టాడు. డాక్టరుని అవమానించే కాగితం అది. ఫ్లోరీకి డాక్టరు మీద కోపం లేదు, ఎల్లిస్ మీద గౌరవం లేదు. పెట్టనంటే గొడవ అవుతుంది, నాలుగు రోజులు దెప్పుతారు, నేటివ్‌లకి గులామంటారు. ఆ గొడవ పడలేక పెట్టేశాడు. మనందరం ఏదో ఒక ఆఫీసులో, ఏదో ఒక మీటింగులో అలాంటి సంతకం ఒకటి పెట్టే ఉంటాం. నేను పెట్టాను. పేర్లు చెప్పను గానీ, నేను పనిచేసిన ఒకచోట సాటి ఉద్యోగి మీద రాసిన కాగితం చేతులు మారుతూ నా బల్ల మీదకొచ్చింది, అందులో ఉన్నది అబద్ధమని నాకు తెలుసు, అప్పటికే పదిమంది పెట్టారు, నేను పదకొండోవాణ్ణి. ఫ్లోరీ సంతకం చదివినప్పుడు ఆ కాగితం రంగుతో సహా గుర్తొచ్చింది.

తర్వాత కథ తొందరగా చెప్పేస్తాను. ఎలిజబెత్ అనే అమ్మాయి వస్తుంది, అనాథ, పారిస్ నుంచి పినతండ్రి ఇంటికి, అంటే పెళ్ళి సంబంధం కోసం. ఫ్లోరీ ఆమెని బజారుకి తీసుకెళ్తాడు, బర్మా వాళ్ళ నాట్యం చూపిస్తాడు, ఆమెకి అవన్నీ రోత. చిరుతపులిని వేటాడినప్పుడు మాత్రం అతను నచ్చుతాడు. ఇన్నేళ్ళూ నోట్లో దాచుకున్న మాటలన్నీ చెప్పుకోడానికి మనిషి దొరికిందని అతను ఆశపడుతుంటే ఆమె ఆ మాటల్నే సహించలేదు. మధ్యలో ఎల్లిస్ ఒక స్కూలు కుర్రాణ్ణి బెత్తంతో ముఖం మీద కొడతాడు, నాటువైద్యుడి ఆకు కట్టుతో ఆ కుర్రాడి చూపు పోతుంది, ఊరు ఊరంతా క్లబ్బు మీదకొస్తుంది. ఫ్లోరీ నదిలో పడి ఈది వెళ్ళి పోలీసుల్ని తెచ్చి అందరినీ కాపాడతాడు. క్లబ్బు మీటింగులో అతనికి ధైర్యం వచ్చి డాక్టరు పేరు ప్రతిపాదించడం కూడా జరుగుతుంది. అంతా బాగుపడుతుందేమో అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు యూ పో క్యిన్ ఒక ఆదివారం చర్చిలోకి మా హ్లా మే ని పంపుతాడు. ఫ్లోరీ ఉంచుకుని వదిలేసిన బర్మా యువతి, ఆమె తల్లిదండ్రులకి 300 రూపాయలిచ్చి కొన్నాడు. ప్రార్థన మధ్యలో ఆమె అందరి ముందూ అరుస్తుంది, నాకివ్వాల్సిన డబ్బు ఇవ్వు అని. ఎలిజబెత్ వెళ్ళిపోతుంది. ఫ్లోరీ ఇంటికెళ్ళి ముందు తన కుక్కని, తర్వాత తనని కాల్చుకుంటాడు. చనిపోయాక చెంప మీది మచ్చ వెలిసిపోయి బూడిదరంగు మరకలా మిగులుతుంది.

ఈ పుస్తకం ఒకాయనకి ఇస్తే వారం తర్వాత తెచ్చిచ్చి “ఇంత చీకటి ఎందుకండీ, ఒక్క మంచివాడికైనా మంచి జరగనివ్వచ్చు కదా” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజుల్లో విషాదాంతమైన పెద్ద నవలలు రాయాలని తనకి కోరికగా ఉండేదని ఆర్వెలే తర్వాత ఒక వ్యాసంలో ఒప్పుకున్నాడు, అలంకారాల మోజు కూడా ఉండేదన్నాడు. ఆ మోజు అక్కడక్కడా తెలుస్తుంది, అడవి వర్ణనలు కొన్ని బరువెక్కువ. కానీ ముగింపు విషయంలో నేను ఆయన పక్షం. ఫ్లోరీకి పెళ్ళి చేసి, డాక్టరుకి సభ్యత్వం ఇప్పించి ఉంటే, ఆ వ్యవస్థలో కూడా మంచితనానికి చోటుంది, కాస్త ఓపిక పడితే చాలు అని నవల చెప్పినట్టయ్యేది. అది పచ్చి అబద్ధం. అలా చెప్పే నవలలు అప్పట్లో ఇంగ్లీషులో బోలెడు వచ్చాయి. నాలుగ్గోడల మధ్య మాత్రమే నిజం మాట్లాడే మంచివాడు బయట సంతకం పెట్టక తప్పదు, ఆ సంతకం ఎప్పుడో ఒకప్పుడు అతని మెడకే చుట్టుకుంటుంది. ఆర్వెల్ ఆ లెక్కని చివరి పైసా దాకా వేశాడు, మనసు కరిగి మధ్యలో ఆపలేదు.

అలాగని నవలలో లోపాలు లేవనను. మా హ్లా మే ని చూడండి. అమ్ముడుపోయిన మనిషి ఆమె. నవల మటుకు ఆమె అత్యాశనీ, కొబ్బరినూనె వాసననీ చూపించినంత శ్రద్ధగా ఆమె గుండెలో ఏముందో చూపించదు. చర్చిలో ఆమె అరిచిన అరుపు ఒక్కటే ఆ ఊళ్ళో ఎవరైనా బహిరంగంగా, భయపడకుండా చెప్పిన నిజం, అదీ ఇంకొకడు ఉసిగొల్పితే వచ్చింది. ఆ అరుపుని రచయిత ఫ్లోరీ చెవులతో వింటాడు. మనం ఆమె చెవులతో వినాలి. యూ పో క్యిన్ కూడా అంతే, నాటకంలో విలన్‌లాగా పూర్తిగా నలుపు. మంచి బర్మావాడు, తన బుర్రతో ఆలోచించే బర్మావాడు ఒక్కడూ కనిపించడు, అదే కాలంలో రంగూన్‌లో విద్యార్థులు, బౌద్ధ భిక్షువులు పాలనని ఎదిరించి జైళ్ళకెళ్తున్నారు. పోలీసు ఉద్యోగంలో ఉన్నవాడికి అవి తెలియకపోవు.

రెండోది నాకు మరీ దగ్గరి విషయం. మనవాళ్ళు. ఆ కాలంలో కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి వేలమంది తెలుగువాళ్ళు ఏటా బర్మా వెళ్ళేవారు. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ డెక్కు మీద మనుషుల్ని కుక్కి తీసుకెళ్ళేవారు, అక్కడ దిగాక కూలిలోంచి ఆ అప్పు కోసుకునేవారు. వరికోతలు, బియ్యం మిల్లులు, రేవులో మూటలు, రిక్షాలు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. మన కోరంగి రేవు పేరు మీద తెలుగు కూలీల్ని అక్కడ కోరంగీలనేవారు, మొదట ఊరి పేరే, పోనుపోను తిట్టయింది. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నాయి. సమ్మె తెగి మనవాళ్ళు పనిలోకి రాగానే ఆ బర్మావాళ్ళని పొమ్మన్నాయి. పొట్టకూటి కోసం వచ్చిన రెండు గుంపులు మే 26న కలబడ్డాయి, వీధుల్లో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. కూలి మిగుల్చుకున్న కంపెనీల మీద ఈగ కూడా వాలలేదు.

ఆర్వెల్ అప్పటికే వెళ్ళిపోయాడు, ఇది నవలలో లేదని తప్పుపట్టడం లేదు. కానీ క్లబ్బు కుర్చీల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో అంగుళం తేడా లేకుండా చూపించిన ఆ కన్ను కూలీల దగ్గరికి వచ్చేసరికి చెమటా, గుంపూ మాత్రమే చూసింది. పైన పంకా తాడు లాగేవాడు ఏం అనుకుంటున్నాడో మనకెప్పటికీ తెలియదు. ఆ లోటు పూరించాల్సింది మనం. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు అడవుల్లో, కొండల్లో నడుచుకుంటూ వచ్చారు, దారిలో ఎంతమంది పోయారో. తర్వాత 1960ల్లో మళ్ళీ వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అని అడిగితే ఆటోవాడు తీసుకెళ్తాడు. అక్కడి ముసలివాళ్ళని, వాళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించండి, ఫోన్లలో రికార్డు చెయ్యండి. మా ముత్తాతని అడిగేవాళ్ళు లేకపోయారు, గుమ్మం మిగిలింది.

మళ్ళీ ఆ బట్లర్ దగ్గరికి వస్తాను. అతను అంత మంచి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నాడో, ఏ ఊరివాడో, పెళ్ళాం పిల్లలు ఎక్కడున్నారో ఏమీ లేదు. కసురు తిని ఐస్ తేవడానికి లోపలికి వెళ్ళిపోతాడు. మీలో ఎవరైనా కథలు రాసేవాళ్ళుంటే అతని వెనకే ఆ వంటగదిలోకి వెళ్ళండి, అక్కణ్ణుంచి క్లబ్బుని చూసి రాయండి, చదవాలని నాకు చాలా ఆశగా ఉంది.

ఇక డాక్టరు ఏమయ్యాడో చెప్పి ఆపేస్తాను, అందరూ ఫ్లోరీ చావు దగ్గర పుస్తకం అయిపోయిందనుకుంటారు, ఆ తర్వాత ఇంకా కొన్ని పేజీలున్నాయి. యూ పో క్యిన్‌కి క్లబ్బు సభ్యత్వం వచ్చింది. ఎలిజబెత్ డిప్యూటీ కమిషనర్ని పెళ్ళి చేసుకుని పెద్ద దొరసాని అయింది. వీరాస్వామిని హోదా తగ్గించి మాండలే ఆస్పత్రికి పంపేశారు. అక్కడ ఆయన ఒక చిన్న క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్బుకి ఉన్న గొప్పంతా ఒకే ఒక్క తెల్ల సభ్యుడు, గ్లాస్గో నుంచి వచ్చిన ఎలక్ట్రీషియను, తాగుడు వల్ల స్టీమరు కంపెనీ ఉద్యోగం పోగొట్టుకుని గ్యారేజీ పెట్టుకున్నవాడు. అతనికి విస్కీ, ఇంజన్ల మాగ్నెటోలు తప్ప ప్రపంచంలో ఇంకేదీ పట్టదు. తెల్లవాడు తెలివితక్కువవాడు అయ్యుంటాడని డాక్టరు నమ్మలేడు. అందుకని దాదాపు రోజూ రాత్రి ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫ్లోరీతో మాట్లాడినట్టే, అతనితో పుస్తకాల గురించి మాట్లాడాలని చూస్తుంటాడు.